పెద్దల ఇంగ్లిష్ క్లాసులో పాఠం ఎవరిది?

1914లో హెన్రీ ఫోర్డ్ కంపెనీ తన కార్ల కర్మాగారంలో పనిచేసే వలస కార్మికుల కోసం మిషిగన్‌లో ఇంగ్లిష్ బడి పెట్టింది. వాళ్లు ఏం నేర్చుకోవాలో కంపెనీయే తేల్చింది: వేళకు పనిలోకి రావడం, శుభ్రంగా ఉండడం, పొదుపు చేయడం, అమెరికా వాడిలా మసలుకోవడం. 1957 జనవరిలో సౌత్ కరొలైనా తీరంలోని జాన్స్ ఐలాండ్‌లో మరో రకం బడి మొదలైంది. పాఠం చెప్పింది బెర్నీస్ రాబిన్సన్ అనే నల్లజాతి మహిళ. ఆమె వృత్తి జుట్టు అలంకరణ, టీచరుగా శిక్షణ లేదు. వచ్చినవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది గల్లా భాష, పుస్తకాల ఇంగ్లిష్ వాళ్లకు సగం పరాయిదే. మీకేం కావాలని ఆమె వాళ్లనే అడిగింది. సంతకం చేయడం, బైబిల్ చదవడం, పోస్టులో సరుకులు తెప్పించుకునే ఫారం నింపడం, ఓటరుగా నమోదు కావడానికి రాష్ట్ర రాజ్యాంగంలోని భాగాన్ని చదివి వినిపించడం. ఆ జవాబులే అక్కడ పాఠాలయ్యాయి.

పెద్దవాళ్లు ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు క్లాసులో ఏం జరగాలో ఎవరు నిర్ణయించాలన్న చర్చ అప్పటి నుంచీ ఈ రెండు బడుల మధ్యే నడుస్తోంది. నేటి టీచర్ల శిక్షణ పుస్తకాలు చాలావరకు రెండో బడి పక్షానే ఉన్నాయి. నేర్చుకునేవారి ఆసక్తులు కనుక్కోండి, వాటి నుంచి ప్రాజెక్టులు పుట్టించండి అంటాయి. వంటల పుస్తకం, ఊరికి కొత్తగా వచ్చినవారికి దారి చూపే కరపత్రం, కుటుంబ పెద్దల జ్ఞాపకాల సేకరణ, అద్దె ఇళ్ల ఇబ్బందులపై వీడియో వంటివి ఇందుకు తరచు కనిపించే ఉదాహరణలు.

సలహా ఒక్కటే అయినా అందులో మూడు వాదాలు కలగలిసి ఉన్నాయి. పాఠ్యాంశాన్ని నేర్చుకునేవారే ఎంచుకోవాలన్నది ఒకటి. బయటి జీవితంలోని అసలు పనులు, అసలు కాగితాలు క్లాసులోకి రావాలన్నది రెండోది. అందరూ కలిసి ఒకటి తయారుచేస్తూ భాష నేర్చుకోవాలన్నది మూడోది. మూడింటి పుట్టుక వేరు, వాటికున్న ఆధారాల బలం కూడా వేరు. చర్చ చిక్కుపడింది ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే.

చరిత్రలో రెండు పాయలు

ప్రాజెక్టు అన్న ఆలోచన పిల్లల బడుల నుంచి వచ్చింది. అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1913లో ఆసక్తి, ప్రయత్నం అన్న విషయాలపై ఒక పుస్తకం రాశాడు. చేదు పాఠానికి పైపై తీపి పూయడం ఆసక్తి కలిగించడం కాదన్నది అందులోని వాదన. 1918లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం కిల్‌పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతిపై రాసిన వ్యాసం ఈ ఆలోచనను దేశమంతా పాకించింది. మనసు పెట్టి, ఒక లక్ష్యంతో చేసే పనే చదువుకు ప్రాణమన్నాడు కిల్‌పాట్రిక్. ఆయన గురువు డ్యూయీ మాత్రం అంత దూరం వెళ్లలేదు. 1938లో రాసిన మరో పుస్తకంలో డ్యూయీ తన పేరు చెప్పుకుని నడుస్తున్న బడులనే మందలించాడు. ప్రతి అనుభవమూ చదువు కాదని, అనుభవాలను వరుసలో పేర్చే బాధ్యత టీచరుదేనని హెచ్చరించాడు.

రెండో పాయ పెద్దల అక్షరాస్యత ఉద్యమాలది. 1963లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలోని అంజికోస్ పట్టణంలో పాలో ఫ్రెయిరీ బృందం దాదాపు 300 మందికి 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పింది. బృందం ముందుగా జనం మధ్యకు వెళ్లి, వాళ్ల బతుకులో బరువున్న మాటలేమిటో ఏరుకుంది. ఒక్కో మాట చుట్టూ ఒక చర్చ, ఆ చర్చ నుంచి అక్షరాలు, ఇదీ పద్ధతి. మరుసటి ఏడాది సైనిక కుట్ర జరిగింది, ఫ్రెయిరీ ప్రవాసం వెళ్లాల్సి వచ్చింది. 1970లో ఇంగ్లిష్‌లో వచ్చిన ఆయన పుస్తకం ప్రపంచమంతటా వయోజన విద్య చేసేవారికి చేతిపుస్తకమైంది. అదే ఏడాది అమెరికాలో మాల్కం నోల్స్ పెద్దల విద్యపై రాసిన పుస్తకం వచ్చింది. పెద్దలు తమకు ఎందుకో తెలిస్తేనే నేర్చుకుంటారని, తమ అనుభవాన్ని వెంట తెచ్చుకుంటారని, నిర్ణయాల్లో భాగం కోరుకుంటారని ఆయన సూత్రీకరించాడు.

ఇంగ్లిష్ బోధనలో ఈ రెండు పాయలూ 1980లలో కలిశాయి. ఆ కలయికలో చాలామంది గమనించని తేడా ఒకటుంది. ఫ్రెయిరీ నేర్పింది మాతృభాషలో అక్షరాలు. అంజికోస్ కూలీకి ఆ మాటలన్నీ నోటికి ముందే తెలుసు. ఇంగ్లిష్ క్లాసులో కూర్చున్న వలస మనిషికి తన మనసులోని విషయం చెప్పడానికి కావలసిన భాషే ఇంకా రాలేదు.

వాదాలు, వాటి వాదనలు

ఆచరణలో ఈ చర్చ ఐదు బోధనా వాదాలుగా సాగింది. మొదటిది అవసరాల వాదం. 1978లో జాన్ మన్బీ రూపొందించిన పద్ధతి ప్రకారం, నేర్చుకునే మనిషి రేపు ఏ పని చేయబోతున్నాడో నిపుణుడు లెక్కగట్టి, దానికి తగిన భాషను జాబితా వేస్తాడు. హోటల్లో పనిచేసేవారికి ఒకటి, నర్సుకు మరొకటి. ఈ వాదానికి బలం దాని స్పష్టత. బలహీనతను 1985లో ఎల్సా ఆవర్‌బాక్, డెనిస్ బర్జెస్ ఎత్తిచూపారు. అప్పటి అమెరికాలో వలసదారులకు నేర్పే బతుకుతెరువు ఇంగ్లిష్ పుస్తకాలు ఆదేశాలు వినడం, సర్దుకుపోవడం నేర్పుతున్నంతగా ప్రశ్నించడం నేర్పడం లేదని వాళ్లు విమర్శించారు. అవసరం ఎవరి దృష్టిలో అన్నదే వాళ్ల ప్రశ్న.

రెండోది సంప్రదింపుల వాదం. ఆస్ట్రేలియాలో 1948 నుంచి నడుస్తున్న వలసదారుల ఇంగ్లిష్ కార్యక్రమం 1980లలో దీనికి ప్రయోగశాలైంది. లక్ష్యాలేమిటో, పనులేమిటో టీచరు, విద్యార్థులు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలని డేవిడ్ నూనన్ 1988 నాటి పుస్తకంలో ప్రతిపాదించాడు. ఆచరణలో భారమంతా టీచరు మీద పడింది. ప్రతి బృందానికీ కొత్త సిలబస్ తయారుచేయాలి. ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు వెళ్లిన విద్యార్థికి తానెంత దూరం వచ్చాడో తెలియదు. 1990ల మొదట్లో ఆ దేశం నిర్దిష్ట సామర్థ్యాలు పేర్కొన్న సర్టిఫికెట్ కోర్సువైపు మళ్లింది.

మూడోది భాగస్వామ్య వాదం. ఫ్రెయిరీ అడుగుజాడల్లో ఆవర్‌బాక్ 1992లో దీనికి సమగ్ర రూపమిచ్చింది. కోర్సు మొదట్లో ఒక కాగితమిచ్చి ఆసక్తులు రాయమనడం చాలదని ఈ వాదం అంటుంది. క్లాసు నడుస్తుండగా బయటపడే విషయాలను, అంటే పిల్లల బడి నుంచి వచ్చిన అర్థంకాని ఉత్తరం, పనిచోట అవమానం, ఇంట్లో ఏ భాష మాట్లాడాలన్న గొడవ వంటివాటిని పట్టుకోవాలి. 1990లలో యాక్షన్ ఎయిడ్ సంస్థ ఉగాండా, బంగ్లాదేశ్, ఎల్ సాల్వడార్‌లలో రూపొందించిన రిఫ్లెక్ట్ పద్ధతి తర్వాత లండన్‌లోని వలసదారుల ఇంగ్లిష్ క్లాసులకూ చేరింది. ఇంగ్లిష్ ఫర్ యాక్షన్ అనే సంస్థ అక్కడ ఇళ్లు, జీతాల వంటి సమస్యల చుట్టూ పాఠాలు నడిపింది. ఇక్కడ ప్రాజెక్టు గోడకు అంటించే చార్టుతో ఆగదు, బయట ఏదో ఒకటి మార్చడానికి చేసే పని అవుతుంది.

నాలుగోది సంభాషణ వాదం. 2000లో స్కాట్ థార్న్‌బరీ ఒక వ్యాసంలో పాఠ్యపుస్తకాల బరువును పక్కన పెట్టమన్నాడు. డెన్మార్క్ సినిమా దర్శకుల డాగ్మె ఉద్యమం నుంచి పేరు తీసుకుని, క్లాసులో ఉన్న మనుషులు, వాళ్ల మాటలే పాఠానికి ముడిసరుకని వాదించాడు. 2009లో ల్యూక్ మెడింగ్స్‌తో కలిసి దాన్ని పుస్తకంగా విస్తరించాడు. విద్యార్థి ఆసక్తి అన్నమాటకు ఇంతకన్నా దగ్గరి ఆచరణ లేదు. అనుభవం లేని టీచరు చేతిలో అది ఊరకే కబుర్ల గంటగా మారుతుందన్న విమర్శ కూడా అంతే బలమైనది.

ఐదోది ప్రాజెక్టు వాదం. డయానా ఫ్రైడ్‌బూత్ 1986లో దీన్ని ఇంగ్లిష్ టీచర్లకు పరిచయం చేసింది. ఫ్రెడ్రికా స్టాలర్ 1990లలో దాన్ని మెట్లుగా విడగొట్టింది. అంశం, చివరికి తయారయ్యే వస్తువు టీచరు, విద్యార్థులు కలిసి నిర్ణయించుకుంటారు. సమాచారం సేకరించడం, విశ్లేషించడం, ప్రదర్శించడం ఒక్కో దశ. ప్రతి దశకు ముందూ దానికి కావలసిన భాషను టీచరు నేరుగా నేర్పుతుంది. ఉదాహరణకు అద్దె ఇళ్లపై సర్వే చేసేముందు మర్యాదగా ప్రశ్న అడగడం సాధన చేయిస్తుంది, ఫలితాలు రాసేముందు పోల్చి చెప్పే వాక్యాలు నేర్పుతుంది. అనుకరించేవారు ఎక్కువగా వదిలేసేది ఈ భాగాన్నే. వర్జీనియా రాష్ట్రం ఆర్లింగ్‌టన్‌లో పెద్దలకు ఇంగ్లిష్ నేర్పిన అనుభవంతో డోనా మాస్, క్యారల్ వాన్ డ్యూజర్ 1998లో రాసిన చిన్న మార్గదర్శిని ఈ రంగంలో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంటుంది.

ఒక్క చూపులో

• అవసరాల వాదం: నిర్ణయం నిపుణుడిది. కొలవడం తేలిక. విద్యార్థి గొంతు వినిపించదు.
• సంప్రదింపుల వాదం: నిర్ణయం ఉమ్మడిది. గౌరవం దక్కుతుంది. టీచరుకు భారం, క్లాసుల మధ్య కొనసాగింపు లోపం.
• భాగస్వామ్య వాదం: విషయం విద్యార్థుల బతుకుది, విశ్లేషణ అందరిదీ. లక్ష్యం మార్పు. టీచరు రాజకీయమే క్లాసు రాజకీయమయ్యే ప్రమాదం ఉంది.
• సంభాషణ వాదం: ఆ పూట మాటే పాఠం. అతి సహజం. నేర్పు గల టీచరు లేకపోతే దిక్కు తప్పుతుంది.
• ప్రాజెక్టు వాదం: ఎంపిక ఉమ్మడిది, ముగింపులో చేతికి ఒక వస్తువు వస్తుంది. కాలం ఎక్కువ పడుతుంది, హాజరు నిలకడగా ఉండాలి.

పరిశోధనలు ఎక్కడ ఆగాయి

ఇన్ని వాదాలున్నా పెద్దల క్లాసుల మీద గట్టి పరిశోధనలు తక్కువ. ఉన్నవాటిలో రెండింటిని జాగ్రత్తగా చదవాలి.

2002లో విక్టోరియా పర్సెల్ గేట్స్ బృందం అమెరికాలో వయోజన అక్షరాస్యత క్లాసులను పరిశీలించింది. క్లాసులో అసలు కాగితాలు, అసలు పనులు ఎంత వాడుతున్నారు అన్నది ఒక కొలత. నిర్ణయాల్లో విద్యార్థులకు ఎంత పాలు ఉంది అన్నది రెండో కొలత. బయట వాళ్లు చదివే, రాసే అలవాట్లు ఎంత మారాయో చూశారు. అసలు సామగ్రి వాడిన క్లాసుల్లో మార్పు కనిపించింది. నిర్ణయాల్లో పాలు మాత్రం విడిగా ప్రభావం చూపినట్టు తేలలేదు. విద్యార్థి ఎంపికను సర్వరోగ నివారిణిగా చెప్పేవారికి ఇది ఇబ్బందికరమైన ఫలితం. ఎంపిక పనికిరాదని దీని అర్థం కాదు. అలవాట్ల మార్పు ఒక్కటే అక్కడి కొలబద్ద. ఆత్మవిశ్వాసం, క్లాసులో నిలిచి ఉండడం వంటివి అందులోకి రాలేదు.

రెండోది అమెరికా విద్యాశాఖ కోసం లారీ కాండెల్లి, హైడీ రిగ్లీ తదితరులు చేసిన అధ్యయనం. మాతృభాషలోనూ చదువు తక్కువగా ఉన్న వలసదారుల ఇంగ్లిష్ క్లాసులను ఏడు రాష్ట్రాల్లో పరిశీలించారు. బయటి ప్రపంచాన్ని పాఠంలోకి తెచ్చిన టీచర్ల క్లాసుల్లో చదవడంలోని ప్రాథమిక నైపుణ్యాలు మెరుగ్గా పెరిగాయి. వివరణకు విద్యార్థుల సొంత భాషను వాడిన చోటా లాభం కనిపించింది. ఇదంతా సహసంబంధమే తప్ప కారణానికి రుజువు కాదు. అయినా రెండు అధ్యయనాలూ ఒకే వైపు చూపుతున్నాయి: క్లాసుకూ బయటి జీవితానికీ మధ్య వంతెనకు ఆధారం ఉంది. ఎవరు ఎంచుకున్నారన్న దానికి అంత ఆధారం లేదు.

ఆసక్తి అనేది క్లాసుకు రాకముందే మనిషిలో సిద్ధంగా ఉంటుందన్న నమ్మకాన్ని మనస్తత్వ శాస్త్రం కూడా సవరించింది. 2006లో సుజాన్ హిడీ, ఆన్ రెనింజర్ ఆసక్తి నాలుగు దశల్లో ఎదుగుతుందని ప్రతిపాదించారు. సందర్భం రేపిన ఆసక్తి మొదటిది, లోతుగా నాటుకున్న వ్యక్తిగత ఆసక్తి చివరిది. ఇది నిజమైతే, ఆసక్తులు అడిగి రాసుకోవడంతో టీచరు పని తీరదు. కొత్త ఆసక్తి పుట్టించడం కూడా ఆ పనిలో భాగమే.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం విద్యార్థుల నుంచే వస్తుంది. వాంకూవర్‌లో ఇంగ్లిష్ నేర్చుకుంటున్న హైస్కూలు విద్యార్థులను గుల్బహార్ బెకెట్ 1999 నాటి తన పరిశోధనలో అడిగినప్పుడు, సగానికి పైగా ప్రాజెక్టు పనిపై పెదవి విరిచారు. ఇంగ్లిష్ నేర్పమంటే ఇంకేదో చేయిస్తున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. పెద్దల క్లాసుల్లోనూ ఈ మాట వినిపిస్తుంది. ఏం నేర్చుకోవాలని అడిగితే గ్రామర్ అని జవాబిచ్చే మనిషి దగ్గర ఆసక్తి వాదం ఇరుకున పడుతుంది. ఆ కోరికను మన్నిస్తే ప్రాజెక్టు పోతుంది, కాదంటే విద్యార్థి మాట పోతుంది.

రెండోది బోధనా శాస్త్రానిది. కొత్తగా నేర్చుకునేవారిని తమంతట తామే కనుక్కోమని వదిలేస్తే మెదడుపై మోయలేని భారం పడుతుందని పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ 2006లో వాదించారు. మంచి ప్రాజెక్టులో అడుగడుగునా టీచరు ఆసరా ఉంటుందని, దాన్ని వదిలేయడంతో సమానం చేయొద్దని మరుసటి ఏడాదే సిండీ మెలో సిల్వర్ తదితరులు జవాబిచ్చారు. నిశితంగా చూస్తే రెండు పక్షాలూ టీచరు చేయూత ఉండాలనే అంటున్నాయి. గొడవల్లా ఆ చేయూత ఎంత ఉండాలన్నదే.

మూడోది ఆంతరంగికతకు సంబంధించింది. సొంత జీవితాన్ని పాఠంగా మలచమనడం శరణార్థికి, సరైన కాగితాలు లేని వలసదారుకు ప్రమాదం కావచ్చు. కుటుంబం గురించి రాయమన్న సాధారణ ప్రశ్న కూడా కొందరికి గాయాన్ని కెలుకుతుంది. చెప్పకుండా ఉండే హక్కు కూడా విద్యార్థిదేనని భాగస్వామ్య వాదులే ఒప్పుకుంటారు.

నాలుగోది నిధులు, పరీక్షలు. అమెరికాలో 2014 నాటి ఉపాధి నైపుణ్యాల చట్టం కింద నడిచే వయోజన విద్యా కేంద్రాలు విద్యార్థుల ప్రగతిని కొలిచి నివేదించాలి. పరీక్ష కొలిచేది ఒకటి, వంటల పుస్తకం నేర్పేది మరొకటి అయితే కేంద్రం దేన్ని వదులుకుంటుందో ఊహించడం కష్టం కాదు. దీనికి తోడు, ఎప్పుడైనా చేరి ఎప్పుడైనా మానేసే క్లాసుల్లో ఆరు వారాల ప్రాజెక్టు మొదలుపెట్టినవాళ్లు, ముగించినవాళ్లు వేర్వేరు మనుషులవుతారు.

తెలుగు నేల నుంచి చూస్తే

ఈ చర్చలో దక్షిణ భారతం ఒక ముఖ్య సాక్ష్యమిచ్చింది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు కేంద్రంగా కొన్ని బడుల్లో నడిపిన ప్రయోగం ప్రపంచ ఇంగ్లిష్ బోధనా చరిత్రలో నిలిచింది. రైలు వేళల పట్టికలు, పటాలు ఇచ్చి, లెక్క తేల్చమనడం ఆయన పద్ధతి. భాషపై కాక సమస్యపై ధ్యాస పెట్టినప్పుడే భాష వస్తుందన్నది సిద్ధాంతం. సమస్యలను ఎంచింది విద్యార్థులు కాదు, టీచర్లే. బృంద చర్చలకన్నా టీచరు నడిపే పనికే ఆయన మొగ్గు చూపాడు. 1985లో బెరెట్టా, డేవిస్ చేసిన మూల్యాంకనం ఈ పద్ధతిని ఆచితూచి సమర్థించింది. పాల్గొన్నది పిల్లలే అయినా, ఎంపిక లేకుండా కూడా మనసు లగ్నమవుతుందనడానికి ఇది గుర్తుంచుకోదగ్గ ఉదాహరణ.

పెద్దల విషయంలో నెల్లూరు జిల్లా ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యత ఉద్యమం వాచకంలో సారా వల్ల నలిగిన సీతమ్మ కథ ఉండేది. 1992లో దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటానికి అక్షరాస్యత ఉద్యమపు రాత్రి బడుల చర్చలు ఊతమిచ్చాయి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. అది ఇంగ్లిష్ కాదు, తెలుగు చదువు. కథను రాసిందీ ఆ మహిళలు కాదు, ఉద్యమ కార్యకర్తలు. అయినా అది తమ కథేనని వాళ్లు గుర్తుపట్టారు. విద్యార్థి ఎంచుకున్న పాఠమే విద్యార్థి సొంతమవుతుందన్న వాదనకు ఇది సవాలు. విద్యార్థుల బతుకు తెలిసినవాళ్లు రాసిన పాఠం కూడా సొంతమవుతుంది.

మన నగరాల్లో స్పోకెన్ ఇంగ్లిష్ సంస్థల పరిస్థితి ఇందుకు భిన్నం. స్వీయ పరిచయం, గ్రూప్ డిస్కషన్, ఒక్క నిమిషం ప్రసంగం అక్కడి ప్రధాన పనులు. అంశాలు వచ్చేది ఇంటర్వ్యూ గదుల నుంచి. ఉద్యోగం కోసం వచ్చినవారికి అది అవసరమే కనుక అవసరాల వాదం ఇక్కడ బలంగా నిలబడుతుంది. అదే బెంచీ మీద పిల్లల హోంవర్క్ అర్థం చేసుకోవాలనుకునే తల్లి, విదేశీ బేరగాళ్లతో మాట్లాడాలనుకునే వ్యాపారి కూడా కూర్చుంటారు. వాళ్లకు ఇంటర్వ్యూ పాఠం ఎందుకన్న ప్రశ్నకు జవాబు లేదు. విదేశాల్లో మరో తేడా కనిపిస్తుంది. భార్య లేదా భర్త ఉద్యోగం వెంట అమెరికా వెళ్లిన తెలుగు పట్టభద్రులు, పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు అక్కడి లైబ్రరీల ఇంగ్లిష్ క్లాసుల్లో శరణార్థుల పక్కన కూర్చుంటారు. ఒకరు యాస దిద్దుకోవాలి, మరొకరు అక్షరం దిద్దాలి. అందరికీ ఒకే ఆసక్తి వెతకడం అక్కడ వృథా. ఒకే ప్రాజెక్టులో వేర్వేరు పనులు పంచడమే మార్గం.

ఇంకా తేలనివి

ఎంపిక వల్ల పెద్దలు క్లాసులో ఎక్కువకాలం నిలుస్తారా? పెద్దల క్లాసుల అసలు జబ్బు మధ్యలో మానేయడమే కనుక ఈ ప్రశ్న పరీక్ష మార్కులకన్నా ముఖ్యం, దీనిపై గట్టి ఆధారం కావాలి. అక్షరం కొత్తగా నేర్చుకుంటున్న మనిషికి, డిగ్రీ ఉన్న మనిషికి ఒకే పద్ధతి సరిపోతుందా? ప్రాజెక్టులో వచ్చిన ప్రగతిని నిధులిచ్చేవారు ఒప్పుకునేలా కొలవడమెలా? కెనడా వలసదారుల భాషా కార్యక్రమం విద్యార్థుల పనులను ఫైలుగా కూర్చి అంచనా వేసే పద్ధతి తెచ్చింది. కాగితాల పని పెరిగిందన్న టీచర్ల నిరసనతో అదీ వివాదంలో పడింది.

అందుబాటులో ఉన్న ఆధారాలతో తీర్పు చెప్పాలంటే, మొదట చెప్పుకున్న మూడు వాదాలకూ సమాన మార్కులు పడవు. బయటి జీవితపు అసలు పనులను, కాగితాలను క్లాసులోకి తేవాలన్న వాదం గట్టిగా నిలబడింది. ప్రాజెక్టు రూపం షరతులతో నిలబడింది: ప్రతి దశలో భాషను నేరుగా నేర్పాలి, హాజరు నిలకడలేని క్లాసుల్లో రెండు మూడు గంటల్లో ముగిసే చిన్న ప్రాజెక్టులు చేపట్టాలి. అంశాన్ని విద్యార్థులే ఎంచుకోవాలన్నది గౌరవానికి సంబంధించి సరైనదే, ఫలితాలకు సంబంధించి ఇంకా రుజువు కాలేదు. కనుక క్లాసు నడిపేవారు ఆసక్తుల జాబితా రాయించడంతో ఆగకుండా, విద్యార్థులు రోజూ ఎదుర్కొనే కాగితాలను, మాటలను ముందు తెలుసుకోవాలి. వాటిలోంచి రెండు మూడు ప్రాజెక్టులను ముందు పెట్టి, ఎంపికను వాళ్లకు వదలాలి. గ్రామర్ అడిగినవారికి ఆ ప్రాజెక్టులోనే గ్రామర్ చూపాలి.